ఫోన్ మోగితే బీడీ ఆగుతుందా?

సిస్టరమ్మను అడగండి

పోయిన నెల ఈ పేజీలో, ఇంగ్లండ్‌లో కడుపుతో ఉన్నవాళ్లచేత సిగరెట్ మాన్పించడానికి ఫోన్‌కు మెసేజ్‌లు పంపుతున్న సంగతి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేని మీదా రాలేదు. అందులో తిట్లూ ఉన్నాయి, అవీ వేస్తున్నాను. పేర్లు వద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి ఊరి వరకే ఉంచాను. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: నా సర్వీసంతా పాలమూరు పల్లెల్లో ఏఎన్‌ఎంగా, అంటే పల్లె నర్సుగా, తర్వాత సూపర్‌వైజర్‌గా గడిచింది. డాక్టర్‌ను కాను. మందుల సంగతి వచ్చినచోట డాక్టర్ దగ్గరికే పంపుతాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సిస్టరమ్మా, నేనూ మా ఇంటామె హైదరాబాద్‌లో గుంపు మేస్త్రీ కింద కాంక్రీట్ పని చేస్తున్నాం. ఆమెకు ఇప్పుడు నాలుగో నెల. చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చునే బీడీ అలవాటైంది. రోజుకు ఏడెనిమిది తాగుతుంది. నేను ఒక కట్ట తాగుతాను. మానేయమంటే కోపం, ఏడుపు. 'మా అమ్మ తాగుకుంటనే నలుగురిని కన్నది' అంటుంది. మెసేజ్‌లు వస్తే మానేస్తారని మీరు రాశారు, నిజమేనా? మా ఇద్దరికీ ఒకటే ఫోన్, అదీ నా దగ్గరే ఉంటుంది. (మక్తల్ మండలం, నారాయణపేట జిల్లా)

జవాబు: తమ్ముడూ, మెసేజ్‌లు వస్తే మానేస్తారని నేను రాయలేదు. మెసేజ్‌లు అందినవాళ్లలో మానినవాళ్లు కాస్త ఎక్కువ తేలారని రాశాను. లెక్క మళ్లీ చెబుతాను. ఇంగ్లండ్‌లో 'మిక్విట్' అనే మెసేజ్ పద్ధతిని 407 మంది గర్భిణులతో పరీక్షించి 2017లో ఫలితం అచ్చేశారు. సగం మందికి ఒక కరపత్రం, దవాఖానలో మామూలుగా చెప్పే మాటలు. మిగతా సగానికి వాటితోపాటు 12 వారాలు మెసేజ్‌లు. కాన్పు దగ్గరపడేదాకా ముట్టకుండా ఉన్నవాళ్లు మెసేజ్‌ల వైపు నూటికి 5.4, రెండో వైపు 2. నోటిమాట మీద కాదు, పరీక్ష చేసి చూసుకున్నాకే లెక్కలో వేశారు. అంటే మెసేజ్‌లు వచ్చినా నూటికి దాదాపు 95 మంది ఆగలేదు. గర్భిణులనే కాకుండా మామూలు జనంతో బ్రిటన్‌లోనే చేసిన పెద్ద పరీక్ష ఒకటి 2011లో అచ్చయింది. అందులో 5,800 మంది ఉన్నారు. మానడానికి సాయపడే మెసేజ్‌లు అందిన వైపు ఆరు నెలలకు నూటికి 10.7 మంది ఆగారు, అందని వైపు 4.9 మంది.

కాబట్టి మంత్రమేం కాదు. అయినా తీసిపారేయను. దవాఖాన గడప తొక్కని మనిషి దగ్గరికి కూడా ఫోన్ పోతుంది, ఖర్చు పెద్దగా ఉండదు. ఆ మెసేజ్‌లలో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ముందు ఆమెనే అడుగుతారు: ఎన్నో వారం, రోజుకు ఎన్ని తాగుతావు, ఏ వేళకు మనసు గుంజుతుంది అని. దాన్ని బట్టి మెసేజ్ మారుతుంది. ఆమె కూడా రాయవచ్చు. ఆగలేకపోతే 'హెల్ప్' అని పంపితే అప్పటికప్పుడు ఒక ఉపాయం వస్తుంది. తాగేస్తే 'స్లిప్' అని పంపుతుంది. తిట్టు రాదు, మళ్లీ మొదలుపెట్టే దారి వస్తుంది.

ఇక మీ ఇంటి సంగతి. ఫోన్ నీ జేబులో ఉంది. ఆమెకు వచ్చే ప్రతి మెసేజ్ ముందు నువ్వు చదువుతావు, చదివి 'చూడు, ఏం రాసిండ్రో' అంటావు. అది ఆమెకు కాపలాలాగే ఉంటుంది. అందుకని మొదలు ఆమెనే అడుగు, కావాలా వద్దా అని. వద్దంటే ఊరుకో.

నువ్వు కట్ట తాగుతూ ఆమెను మానమంటే ఏ మెసేజూ పనిచేయదు. రేకుల షెడ్డులో పక్కపక్కన పడుకునేవాళ్లు మీరు. నువ్వు వదిలిన పొగ ఎటు పోతుంది? ఆమె నోట్లో బీడీ లేకపోయినా ఆమె ఊపిరిలోకే పోతుంది. ఇద్దరూ ఒకే రోజు ఆపండి. అది కుదరదంటావా, కనీసం షెడ్డు లోపల, ఆమె ముందర వెలిగించకు. కట్ట, అగ్గిపెట్టె ఆమె కంటపడే చోట పెట్టకు.

'మా అమ్మ నలుగురిని కన్నది' అన్న మాట నేను విననిది కాదు. ఆ మాట మీద ఆమెతో కొట్లాడకు. నీకు మాత్రం చెబుతున్నా: ఆ నలుగురు పుట్టినప్పుడు తూకం వేసిందెవరు? ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్ల కిలోన్నర ఉందో రెండున్నర ఉందో ఎవరికి తెలుసు? తాగే తల్లుల పిల్లలు సగటున 200 గ్రాముల దాకా తక్కువ తూగుతారు. నెలలు నిండకుండా పుట్టడం, మాయ ముందే విడిపోవడం, కడుపులోనే బిడ్డ పోవడం, ఇవన్నీ వాళ్లలో ఎక్కువ.

ఎందుకంటే, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపు ఆ రక్తం బిడ్డకు ఆక్సిజన్ మోయలేదు. మన దగ్గర కడుపుతో ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి అసలే రక్తం తక్కువ. ఉన్న కాస్త రక్తాన్నీ పొగ మింగేస్తే బిడ్డకు మిగిలేదేమిటి? దానికి తోడు పొగాకులో ఉండే నికోటిన్ మాయకు రక్తం తీసుకుపోయే నాళాలను బిగిస్తుంది. బీడీ చిన్నగా ఉంటుంది కదా అనుకోవద్దు. తునికాకు లోపలికి గాలి రానివ్వదు, గుంజకపోతే ఆరిపోతుంది, అందుకని గట్టిగా, మాటిమాటికీ గుంజుతారు. సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోదు. ఎనిమిదిని నాలుగు చేసినా అంతే. ఆ నాలుగింటినే చివరిదాకా లాగుతారు.

ఇప్పుడు మంచి కబురు. ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ విషవాయువు రక్తంలోంచి పోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన పరిశీలన ఒకటి 2009లో వచ్చింది. 15 వారాల లోపు మానేసిన తల్లుల్లో నెలలు తక్కువ కాన్పులు, బరువు తక్కువ పిల్లలు అసలు తాగనివాళ్లలో ఉన్నంతే ఉన్నారని తేలింది. మీ ఆమెకు నాలుగో నెల. అంటే ఈ వారం, వచ్చే వారం చాలా విలువైనవి. దాటితే లాభం లేదని కాదు, ఎప్పుడు ఆపినా బిడ్డకు మేలే.

మీరు చేయగలిగింది చెబుతా. సైట్ మీద బీడీ ఎప్పుడు వెలుగుతుంది? పది గంటల చాయ్‌కి, అన్నం తిన్నాక, సాయంత్రం పని దిగాక. ఆ మూడు వేళలకు కాస్త ముందు ఫోన్‌లో అలారం పెట్టు. మోగగానే ఇద్దరూ నీళ్ల డ్రమ్ము దాకా నడిచి నీళ్లు తాగి రండి. గుంజుడు మామూలుగా అయిదు నిమిషాలకు మించి ఉండదు. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉంటాయి, కొన్ని వారాల్లో మెల్లగా తగ్గుతాయి. అప్పుడు ఆమె అరిస్తే పడు. ఇంకా కావాలంటే 1800-112-356కు ఫోన్ చేయించు. పొగాకు ప్యాకెట్ల మీద అచ్చయి ఉండేది ఈ నంబరే, పైసా ఖర్చు లేదు. దక్షిణాది భాషల వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి మాట్లాడతారు, తెలుగులో చెప్పుకోవచ్చు. మాట మొదలుపెట్టగానే 'నేను కడుపుతో ఉన్నా' అని ఆమెతోనే చెప్పించు.

ప్రశ్న: పోయిన నెల మీ పేజీ చూసి సిగ్గేసింది. మన ఆడవాళ్లు పొగ తాగుతారా? ఇది పై దేశాల జబ్బు. పిల్లలు చదివే పత్రికలో ఇలాంటివి ఎందుకు వేస్తారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ మాటలో కొంత నిజం ఉంది. 2016-17లో దేశమంతటా చేసిన పొగాకు సర్వేలో పొగ తాగే ఆడవాళ్లు నూటికి ఇద్దరే. కానీ నమిలేవాళ్లు, దవడన పెట్టుకునేవాళ్లు దాదాపు 13 మంది. మీరు చెప్పిన పై దేశాల్లో సిగరెట్టు, మన దగ్గర జర్దా, తంబాకు, కొన్ని ఇళ్లల్లో బీడీ. కడుపులో బిడ్డకు ఇవన్నీ చేటే.

సిగ్గు సంగతి. నెలనెలా పరీక్షకు వచ్చినప్పుడు 'ఏమైనా అలవాట్లున్నాయా' అని అడిగితే వెంటనే 'లేవు' అంటారు. పక్కన అత్త ఉంటుంది, లేదా మీలాంటి పెద్దమనిషి ఉంటారు. వాళ్లను బయట కూర్చోబెట్టి అడిగితే జవాబు మారిన సందర్భాలు నాకు కొల్లలు. పత్రికలో వేయకపోతే ఆ 'లేవు' అలాగే ఉంటుంది. మీ మనవరాలు చదివితే చదవనివ్వండి.

ప్రశ్న: సిస్టరమ్మా, నేను దేవరకొండ వైపు ఆశ వర్కర్‌ని. రెండు పల్లెలు, ఒక తండా చూస్తాను. కడుపుతో ఉన్నవాళ్లలో ముగ్గురు బీడీ తాగుతారు, ఇద్దరు తంబాకు పెట్టుకుంటారు. ఇంగ్లండ్ సంగతి చదివి నేనే మెసేజ్‌లు మొదలుపెట్టిన. 'గర్భిణులు ధూమపానం చేయరాదు, శిశువు ఆరోగ్యానికి హానికరం' అని పంపితే ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకామె భర్త ఫోన్ చేసి 'మా ఇంటామె పరువు తీస్తున్నవా' అని నన్నే తిట్టిండు. ఏం రాయాలో మీరే చెప్పండి. (దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా)

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చూసి ముందు సంతోషపడ్డాను. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు మొదలుపెట్టావు. కానీ నువ్వు పంపింది బస్టాండ్ గోడ మీద రాసే బోర్డు. ఆ బోర్డు చూసి బీడీ పారేసినవాళ్లను నువ్వెప్పుడైనా చూశావా?

ఆ భర్త ఎందుకు తిట్టాడో ఆలోచించు. ఫోన్ అతనిది. మెసేజ్ తెరిస్తే 'ధూమపానం' అని ఉంది, పక్కన నలుగురు ఉన్నారేమో. అందుకని మొదటి నియమం ఇది: నీ మెసేజ్‌లో బీడీ, పొగ, తంబాకు అనే మాటలు రానే వద్దు. నీకూ ఆమెకూ అర్థమైతే చాలు. ఇంకెవరు చదివినా ఆశమ్మ బాగోగులు అడుగుతోందనే అనుకోవాలి. అదీ ఆమె సరేనన్నాకే మొదలుపెట్టు. ఏ నంబర్‌కు పంపాలి, ఏ వేళకు పంపాలి అని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

రెండోది పొడవు. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, అందులో గుడి, కొమ్ము, ఒత్తు ఒక్కొక్కటీ విడిగా లెక్క. ఇంగ్లిష్ అక్షరాలైతే 160. దాటితే రెండు మెసేజ్‌ల లెక్క అవుతుంది, కొన్ని పాత ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనబడతాయి. నా మట్టుకు ఈ ఇరుకు మంచిదే. 70 అక్షరాల్లో ఉపన్యాసం పట్టదు. ఇదిగో, నువ్వు వాడుకోవడానికి కొన్ని. మీ ఊరి మాటకు తగ్గట్టు మార్చుకో.

పొద్దున్నే: 'పొద్దున చాయ్ తాగంగనే వాకిట్ల కూసోకు. జర నడువు.'

గుంజే వేళకు: 'ఇప్పుడు మనసు గుంజుతుందా? అయిదు నిమిషాలే. సోంపు నోట్లేస్కో.'

ఆరో నెల దాటినాక, పొద్దు గూకేముందు: 'బిడ్డ కదిలిందా ఇయ్యాల? బాగుందా పానం? జవాబు పెట్టు.'

తప్పిన రోజు: 'ఒక్కసారి తప్పితే అంత పోయినట్టు కాదు. రేపు కాదు, ఇప్పుడే ఆపు.'

ఇవి ఏ వేళకు పంపుతావన్నది ఏం రాశావన్నదాని కంటే ముఖ్యం. మధ్యాహ్నం తీరుబడి దొరికిందని అయిదుగురికీ ఒకేసారి పంపేస్తే దండగ. పత్తి తీసే రోజుల్లో వాళ్లు తెల్లారక ముందే లేస్తారు, మొదటి బీడీ అప్పుడే. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం భోజనం, గుడ్డు, పాలు అయ్యాక ఇంటికి నడిచే దారి ఇంకొకటి, అన్నం తిన్న వెంటనే గుంజుతుంది. ఆ వేళకు నీ మెసేజ్ చేతిలో మోగాలి.

ఇంకొక వేళ ఉంది, ఎవరూ పైకి చెప్పరు. పొద్దున దొడ్డికి పోవడం. బీడీ తాగనిదే కడుపు కదలదని చాలామంది నమ్మకం. కడుపుతో ఉన్నప్పుడు మలబద్ధకం మామూలే, మనం ఇచ్చే ఐరన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. బీడీ మానితే మూడు రోజులు కడుపు ఉబ్బి, 'నా వల్ల కాదు సిస్టరూ' అని మళ్లీ వెలిగిస్తారు, లేకపోతే మాత్రలు మానేస్తారు. రెండూ నష్టమే. అందుకని ఆపే రోజుకు వారం ముందు నుంచే నీళ్లు, ఆకుకూర, జొన్నరొట్టె, జామపండు పెంచమను. పొద్దున లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. అయినా కష్టంగా ఉంటే ఏఎన్‌ఎంకు చెప్పు, డాక్టర్ మందు రాస్తారు. నన్నడిగితే ఈ ఒక్క చిక్కు తీరిస్తే నీ అయిదుగురిలో ఒకరిద్దరికి సగం దారి పడ్డట్టే.

చదవడం రానివాళ్లకు వాట్సాప్‌లో నీ గొంతు పంపు. తండా వాళ్లకైతే లంబాడీలోనే మాట్లాడు. నీకు రాకపోతే అక్కడి అంగన్‌వాడీ టీచర్‌తో చెప్పించు. మామూలు బటన్ ఫోన్ ఉన్నవాళ్లతో ఒక ఒప్పందం పెట్టుకో: మనసు గుంజితే ఒక మిస్డ్ కాల్, తప్పితే రెండు. మిస్డ్ కాల్ చూసి నువ్వు తిరిగి చేస్తావు, 'తిన్నవా, ఏం చేస్తున్నవ్' అని రెండు ముచ్చట్లు పెడతావు. ఆ ముచ్చట్లలోనే అయిదు నిమిషాలు గడిచిపోతాయి.

నీ మీద ఇప్పటికే ఎంత పని ఉందో నాకు తెలుసు, రిజిస్టర్లు, సర్వేలు, మీటింగులు. దీనికి పైసలెవరూ ఇవ్వరు. అయిదుగురితో చాలు, ఆరోవాళ్లను తలకెత్తుకోకు. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ఎత్తనని ముందే చెప్పు. ఒకటి మాత్రం వాళ్లకు గట్టిగా చెప్పు: రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా అది మెసేజ్ పెట్టే పని కాదు. ఏ వేళైనా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: బీడీ మానేసి పాన్‌లో జర్దా వేసుకుంటున్నాను. పొగ లేదుగా, బిడ్డకేం కాదు కదా? బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేలికవుతుందని మా ఆడబిడ్డ అంటుంది, అది కూడా చెప్పండి. (అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: పొగ పోయింది, నికోటిన్ పోలేదమ్మా. దవడన పెట్టుకున్న జర్దా నుంచి అది చాలాసేపు నెమ్మదిగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. జర్దా, తంబాకు, గుట్కా వాడే తల్లుల్లో కూడా నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ పిల్లలు, కడుపులోనే పోయే బిడ్డలు ఎక్కువని తేలింది. జర్దా మానేసి వక్క ఒక్కటే నములుతానంటావేమో, అది కూడా వద్దు. వక్కే సొంతంగా నోటి క్యాన్సర్ తెచ్చేది. సోంపు, లవంగం, వేయించిన పల్లీలు, ఎండు ఉసిరి ముక్క, వీటిలో ఏదో ఒకటి కొంగున కట్టుకో.

మీ ఆడబిడ్డ మాట నాకు కొత్త కాదు. బిడ్డ చిన్నగా ఉన్నంత మాత్రాన నొప్పులేం తగ్గవు. పుట్టాక చూడాలి కష్టం. రెండున్నర కిలోల లోపు పిల్ల చన్ను గట్టిగా పట్టలేదు, ఒళ్లు చల్లబడుతుంది, చిన్న జలుబుకే దవాఖాన. ఆ రాత్రుళ్లు మేలుకునేది నువ్వు, ఆమె కాదు.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఆఫీసులో టెన్షన్‌కి సిగరెట్ అలవాటైంది. మూడో నెల, ఇప్పుడు అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మకు తెలియదు. మేడ మీదికి పోయి రెండు మూడు తాగుతున్నాను. నికోటిన్ గమ్ కొనుక్కోవచ్చా? వేప్ (కరెంటు సిగరెట్) మంచిదంటున్నారు, నిజమేనా? మీరు రాసిన మెసేజ్‌లు నాకు ఎలా వస్తాయి? (మిర్యాలగూడ)

జవాబు: నీ ఫోన్ నీ చేతిలో ఉంది, లాక్ ఉంది, చదువు ఉంది. ఈ పేజీకి రాసిన అందరిలో మెసేజ్‌లు సరిగ్గా సరిపడేది నీకే. ఇంగ్లండ్ వాళ్లవి అక్కడివాళ్లకే. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొబైల్ మెసేజ్ సేవ పెట్టింది, 011-22901701కు మిస్డ్ కాల్ ఇచ్చి చేరవచ్చు. ఇది అందరికీ కలిపి చేసింది, గర్భిణుల కోసం విడిగా రాసింది కాదు. అందుకని దాన్ని పక్కన పెట్టుకుని, పైన చెప్పిన 1800 నంబర్‌కు కూడా ఒకసారి మాట్లాడు.

గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. దొరుకుతుంది కదా అని కడుపుతో ఉన్నప్పుడు నీ అంతట నువ్వు నమలొద్దు. దానిలో ఉన్నదీ నికోటినే. మాటలతో, మెసేజ్‌లతో ప్రయత్నించి కుదరకపోతే, సిగరెట్ కంటే నయమని డాక్టర్లు కొందరికి చూసి ఇస్తారు. అది వాళ్లు తేల్చాల్సిన సంగతి. మానడానికి ఇచ్చే బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు కడుపుతో ఉన్నవాళ్లకు వద్దంటారు, స్నేహితులెవరైనా ఇస్తే తీసుకోకు. వేప్‌లోనూ సాధారణంగా నికోటిన్ ఉంటుంది, పైగా మన దేశంలో 2019 నుంచి దాని అమ్మకమే నిషేధం. అందులో ఏం పోశారో అమ్మేవాడికే తెలియదు.

స్కానింగ్‌కు పోయినప్పుడు అమ్మను బయట కూర్చోమని, డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు. ఎన్ని తాగుతావో తగ్గించి చెప్పకు. బిడ్డ ఎదుగుదల స్కాన్‌లు ఎప్పుడెప్పుడు తీయాలో వాళ్లు దాన్ని బట్టి చూస్తారు. అమ్మకు చెప్పడమా మానడమా అన్నది నీ ఇష్టం. కానీ మేడ మీది వాసన అమ్మలకు తెలియదనుకోవడం పిల్లల భ్రమ. ఆమెకు తెలిసే ఉంటుందని నా అనుమానం. ఆఫీసు టెన్షన్ ఇప్పుడు లేదు కదా, మిగిలింది మేడ మెట్లు ఎక్కే వేళ ఒక్కటే. ఆ వేళకు అమ్మతో కలిసి బజారుకు పో.

ప్రశ్న: మా అక్క తరఫున రాస్తున్నాను. ఆమెకు ఏడో నెల. రెండు నెలలు బీడీ ముట్టలేదు, ఆశమ్మ రోజూ ఫోన్ చేసి మాట్లాడేది. పోయిన వారం మా నాయనమ్మ దినాలకు చుట్టాలంతా వచ్చారు. వాళ్లతో కూర్చుని మూడు తాగింది. అప్పటి నుంచి ఆశమ్మ ఫోన్ ఎత్తడం లేదు, 'ఏం ముఖం పెట్టుకుని మాట్లాడాలె' అంటుంది. ఇప్పుడు రోజూ ఒకటి రెండు తాగుతోంది. (కల్వకుర్తి)

జవాబు: మీ అక్కకు ఈ జవాబు చదివి వినిపించు. రెండు నెలలు ఆపింది కదా, ఆ రెండు నెలలు బిడ్డకు దక్కాయి. మూడు బీడీలకు అవి వెనక్కి పోవు. దినాల దగ్గర, పెళ్లిళ్ల దగ్గర, కల్లు దగ్గర జారేవాళ్లే ఎక్కువ. ఎవరో ఒకరు చేతిలో పెడతారు, వద్దంటే 'పెద్దదానివైనవా' అంటారు. తప్పడం అందరికీ అవుతుంది. ప్రమాదం ఆ మూడింటిలో కంటే ఫోన్ ఎత్తకపోవడంలో ఎక్కువ ఉంది.

ఆశమ్మతో మాట్లాడే ముఖం లేకపోతే మాట్లాడనక్కర లేదు. మిస్డ్ కాల్ ఒకటి ఇవ్వమను, లేదా నువ్వే 'అక్కకు కొంచెం తప్పింది' అని మెసేజ్ పెట్టు. ఆమె కోప్పడుతుందని నేననుకోను. ఈ రోజే ఆపితే, రెండు రోజుల్లో పొగ విషం రక్తంలోంచి దిగిపోతుంది. ఏడో నెల నుంచి బిడ్డ బరువు పెరిగేది ఎక్కువ కాబట్టి ఇంకా చాలా మిగిలే ఉంది.

కాన్పు అయ్యాక ఏం చేయాలో ఇప్పుడే అనుకోండి. కడుపుతో ఉన్నన్నాళ్లు ఆపి, పురుడు వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది. నికోటిన్ చనుబాలలోకి కూడా పోతుంది. పొగ ఉన్న గదిలో పడుకున్న పసిపిల్లలు నిద్రలోనే ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ, నెమ్ము కూడా తరచుగా వస్తుంది. పాప పుట్టాక చూడవచ్చే చుట్టాలకు వాకిట్లోనే చెప్పే బాధ్యత నువ్వు తీసుకో, బాలింతకు నోరు రాదు. ఎవరైనా బయట తాగి వస్తే చేతులు కడుక్కుని, పై బట్ట మార్చుకున్నాకే పిల్లను ఎత్తుకోనివ్వు.

ఈ వారంలోనే అక్కను పీహెచ్‌సీకి తీసుకుపోయి హిమోగ్లోబిన్ చూపించు, బిడ్డ ఎదుగుదల కూడా చూడమను. తాగిన సంగతి అక్కడ ఏఎన్‌ఎంకు నువ్వే చెప్పు, అక్క నోటితో చెప్పించాలని పట్టుబట్టకు. ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకోవద్దను, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఒంటికి పడుతుంది.